మొదటి గంటలో పారేసినవి

కిందటి వారం మిమ్మల్ని టెక్సస్‌లోని ఫ్రిస్కోలో, సూర్యప్రకాశ్ ఇంటి గరాజ్‌లో, తెరిచి ఉన్న ఫ్రిజ్ ముందు నిలబెట్టి వెళ్లిపోయాను. కాళ్లు నొప్పెట్టి ఉంటాయి, ముందు కూర్చోండి. ఆ ఫ్రిజ్‌లో పై అర ఆండాళ్ ఇడ్లీ పిండిది, కింది అర ఆవిడ భర్త మెంబ్రేన్లది. ఈ సరిహద్దు గురించి మొగుడూ పెళ్లాలు ఎప్పుడో రాజీకి వచ్చారు. గురువారం పొద్దున ఆండాళ్ పిండి కోసం తలుపు తీస్తే, గిన్నె వెనకాల ఎవరిదో జిప్‌లాక్ కవర్ నక్కి ఉంది. అందులో నీళ్లు, నీళ్లలో రూపాయి బిళ్లల్లాంటి తెల్లటి ముక్కలు. సూర్యప్రకాశ్ ఆ కవర్ అందుకుని వెలుతురుకి ఎత్తి చూశాడు. ముక్కల మీద ఎర్ర పెన్సిల్‌తో వేసిన బాణం గుర్తులు కనిపించగానే ఆయన మొహం మారింది. అవి తమ కంపెనీ ల్యాబ్‌లో చెత్తబుట్టలో పడేసిన ముక్కలు. ముందు రోజు రాత్రి తెచ్చి దాచింది, ఇప్పుడు పక్కనే నిలబడి ఉన్నది కోడలు రాగిణి.

కొత్తగా చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను. మెంబ్రేన్ చూడ్డానికి దళసరి కాగితంలా ఉంటుంది. దాని ముఖం మీద కంటికి ఆననంత పల్చటి పాలిమర్ చర్మం ఒకటి ఉంటుంది. పంపు ఒత్తిడికి ఉప్పునీళ్లలోని నీళ్లు ఆ చర్మంలోంచి అవతలికి పోతాయి, ఉప్పు ఇవతలే నిలిచిపోతుంది. కాకపోతే కొన్నాళ్లకి జిగురు, నాచు పట్టి చర్మం మూసుకుపోతుంది. అలా పట్టకుండా దాని మీద ఇంకో పూత కనిపెట్టింది రాగిణి. హనుమకొండ నుంచి పీహెచ్‌డీకి వచ్చి, ఆ పూతతోనే డిగ్రీ సంపాదించి, ఆ పూత పుణ్యమా అని, అప్పటికి మెంబ్రేన్ల ప్రొఫెసర్ అయిన సూర్యప్రకాశ్‌ని, ఆయన ద్వారా ఆయన కొడుకు నిశాంత్‌ని పరిచయం చేసుకుంది. ఇప్పుడు నిశాంత్ నడిపే చిన్న కంపెనీ అమ్ముతున్నది ఆ పూతనే.

మొదటి ప్లాంటు లబ్బక్ దాటాక, పత్తి చేల మధ్య ఉన్న హార్లన్ వెల్స్ అనే ఊళ్లో పెట్టారు. అక్కడ బోరు నీళ్లు ఉప్పన. దానికి తోడు చేలకి వేసిన ఎరువుల నైట్రేట్ భూమిలోకి దిగి నీళ్లలో కలిసింది. పెద్దవాళ్లు ఎలాగో నెట్టుకొస్తారు గానీ, ఆ నీళ్లతో పాలపొడి కలిపి పడితే పసిపిల్లల ఒళ్లు నీలం తిరుగుతుంది, ఊపిరి అందదు. అందుకని ఊరంతా లారీ నీళ్ల మీద బతుకుతోంది. శనివారం ప్లాంటు ప్రారంభం. ఆ లోపల ఆపమని రాగిణి బుధవారం ఫోన్ చేస్తే, నిశాంత్ తేలిగ్గా ఒక మాట అనేశాడు. డాడీ ఆపమంటే ఆపుతాను, అని.

ఆ డాడీ ఇప్పుడు కవర్ చేతిలో పట్టుకుని కోడలి వైపు చూస్తున్నాడు.

"చెత్తబుట్టలోంచి ఏరుకొచ్చావా?" అన్నాడు. గొంతు పెంచలేదు. ఆయన గొంతు పెంచకుండా మాట్లాడితేనే ఆ ఇంట్లో అందరూ జాగ్రత్తపడతారు.

"అవును మామయ్యగారూ. ఈమధ్య పారేసినవన్నీ ఏరి, తడి ఆరకుండా పెట్టాను."

"ఇంట్లో. పిండి పక్కన."

"ల్యాబ్ ఫ్రిజ్‌లో పెడితే ఎవరో ఒకరు మళ్లీ పారేస్తారు."

ఆండాళ్ గిన్నె మూత సర్దుతూ, "పిండి పక్కన పెట్టినందుకు నేను తీరిగ్గా తిడతాను గానీ, ముందు మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. కాఫీ తెస్తాను," అంటూ లోపలికి వెళ్లింది.

కూర్చోవడానికి గరాజ్‌లో చోటుందా అంటే ఉంది. ఆ గరాజ్‌లో కారు పెట్టి ఏళ్లయింది. బయట డ్రైవ్‌వేలో టెక్సస్ ఎండకి కారు మాడుతుంటే, లోపల పంపు, ప్రెషర్ గేజి, స్టీలు గొట్టాలు, రెండు ఎత్తు స్టూళ్లు హాయిగా నీడపట్టున ఉంటాయి. రిటైరయ్యాక మనవలతో ఆడుకోమని స్నేహితులు సలహా ఇస్తే, మనవలు లేరు కనక మెంబ్రేన్లతో ఆడుకుంటున్నానని ఆయన చెప్పేవాడు. ఆ మాట రాగిణి ముందు అనకూడదని ఆండాళ్ ఆయనకి చాలాసార్లు చెప్పింది.

సూర్యప్రకాశ్ స్టూలు మీద కూర్చోలేదు.

"పరీక్షలో మొదటి గంటలోనే ఉప్పుని అవతలికి వదిలేసిన ముక్కలు ఇవి. అంటే కోసేటప్పుడో, పరీక్ష చేసే సెల్‌లో బిగించేటప్పుడో దెబ్బతిన్నవి. పట్టకారు తగిలినా ఆ చర్మం గీరుకుపోతుంది, నీకు నేను చెప్పాలా? అలాంటివి పక్కన పడేసి కొత్త ముక్క కోసుకోవాలి. ఈ దేశంలో నా దగ్గర పనిచేసిన ప్రతివాడూ చేసేది అదే."

నిజమే. ల్యాబ్‌లో దాన్ని ఫస్ట్ అవర్ రూల్ అంటారు. పేరు పెట్టింది ఆయన కాదు, ఆయన విద్యార్థులు. ఆయన మాత్రం ఎవరైనా ఆ పేరు ఎత్తితే, తనకేమీ పట్టనట్టు మొహం పెట్టి లోలోపల పొంగిపోయేవాడు.

"అన్నీ గీరుకున్నాయంటారా?" అంది రాగిణి.

"చేతులు కుదురుగా లేకపోతే అన్నీ గీరుకుంటాయి."

"వాటిని కోసింది నేనే మామయ్యగారూ. ఆ చేతులు నావి."

సూర్యప్రకాశ్ చూపు ఆమె చేతుల మీదికి వెళ్లింది. కోడలి చేతుల గురించి ఆయన ఊళ్లో అందరి దగ్గరా గొప్పలు చెప్పుకున్నవాడు.

"నీ చేతులకి వంక పెట్టలేదమ్మా. ప్లాంటు మొదలయ్యే ముందు ఎవరికైనా ఇలా అనుమానాలు వస్తాయి. నాకూ వచ్చేవి. నీ పూత మంచిది. నేను పరీక్ష చేశాను, నెలల తరబడి నడిపాను. దాంట్లో లోపం లేదు."

చిత్రమేమిటంటే, ఆ గరాజ్‌లో కోడలి పూతని మామగారు వెనకేసుకొస్తున్నాడు, కోడలేమో తన పూత మీద తానే ఫిర్యాదు చేస్తోంది. ఇంకో రోజైతే ఇద్దరూ నవ్వుకునేవాళ్లే. రాగిణికి నవ్వు రాలేదు. నిద్ర చాలక కళ్లు మండుతున్నాయి.

"మీరు నెలల తరబడి నడిపింది మొదటి గంట దాటిన ముక్కల్నే కదా," అంది.

"మరి చిరిగినవాటిని నడపమంటావా?"

కోపం వస్తే రాగిణి మాటలోకి హనుమకొండ దిగి వచ్చేస్తుంది. అత్తగారింట్లో ఎంతో జాగ్రత్తగా అట్టిపెట్టుకున్న భాష అప్పుడు పట్టు తప్పింది.

"చిరిగిందని ఎట్ల చెప్తున్నరు మామయ్యా? ఒక్కటన్నా చూసినమా? మీరు పారేయమన్నరు, మేం పారేసినం. బాగున్నదొస్తే మన పూత గొప్ప, బాగలేంది వస్తే చెయ్యి జారింది. అట్లయితే మన పూతకు తప్పు ఎన్నడు దొరుకుతది?"

సూర్యప్రకాశ్ కవర్ని బల్ల మీద పెట్టాడు.

"ఆ రూల్ ఎందుకు పెట్టానో తెలుసా నీకు? నా దగ్గర ఒక కుర్రాడు, బంగారం లాంటివాడు, గీరుకున్న ముక్క మీద ఏడాదంతా పనిచేశాడు. అంతా గంగపాలైంది. చదువు మానేసి వెళ్లిపోయాడు. ఇంకెవరికీ అలా కాకూడదని పెట్టాను."

"ఆనాడు అది కరెక్టే మామయ్యగారూ." ఆమె గొంతు తగ్గింది, భాష కూడా సర్దుకుంది. "ఫ్యాక్టరీలో చెక్ చేసి పంపిన షీటు మీరు కొనుక్కొచ్చేవారు. అది లీకైతే మన చేతుల తప్పే. ఇప్పుడు మనం ఆ షీటు మీద ఇంకో పూత వేస్తున్నాం. మన పూతని ఎవరు చెక్ చేశారు?"

జవాబు లేనప్పుడు గొడవ పెంచే మనుషులు కొందరుంటారు. సూర్యప్రకాశ్‌లో ఎన్ని లోపాలున్నా అది మాత్రం లేదు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"రంగు వేద్దాం," అన్నాడు. "చెయ్యి తగిలి గీరుకుంటే అంచున కనపడుతుంది, లేకపోతే అడ్డదిడ్డంగా ఎక్కడపడితే అక్కడ. అలా ఉంటే నువ్వు ఈ మాట ఇక ఎత్తకూడదు. శనివారం మనం ముగ్గురం హార్లన్ వెల్స్ వెళ్లి చప్పట్లు కొట్టాలి."

"అలా లేకపోతే?"

"నిశాంత్‌కి నేనే ఫోన్ చేస్తాను."

ఈ రంగు పద్ధతి ఆ పనివాళ్లందరికీ తెలిసిందే. గులాబీ రంగు డై మెంబ్రేన్ ముఖం మీద పోసి, కాసేపు ఉంచి, కడిగేస్తారు. చర్మం బాగున్న చోట రంగు నీళ్లతో పోతుంది. చిల్లు పడ్డ చోట లోపలికి ఇంకి, ఎంత కడిగినా పోదు. పద్ధతి అందరికీ తెలుసు. పారేసే ముక్కకి రంగు వేసి చూద్దామని మాత్రం ఎవరికీ తోచలేదు. పారేసేదానికి ఎందుకు కష్టపడటం?

పళ్లేలు చాలకపోతే ఆండాళ్ వంటింట్లోంచి స్టీలు పళ్లెం తెచ్చి ఇచ్చింది. "ఇది ఇంక నాకు తిరిగివ్వకండి," అని కాఫీ గ్లాసులు బల్ల చివర పెట్టి, వెళ్లకుండా తలుపు దగ్గరే నిలబడింది. భర్త మొహం చూశాక ఆవిడకి లోపలికి వెళ్లబుద్ధి కాలేదు.

రాగిణి ముక్కల్ని ఒక్కొక్కటే నీళ్లలోంచి తీసి పళ్లెంలో పరిచింది. ఆయన డ్రాపర్‌తో రంగు వేశాడు. తెల్లటి ముక్కలన్నీ గులాబీ రంగులోకి మారాయి. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. కాఫీ చల్లారింది. రంగు ఇంకేదాకా ఆగడం తప్ప చేసేది లేదు, ఒకరి మొహం ఒకరు చూడకుండా ఆగడం ఇంకా కష్టం. తన మాటే నిజం కావాలని దారంతా కోరుకుంటూ వచ్చిన రాగిణికి, ఇప్పుడు ఆయన మాటే నిజమైతే బాగుండుననిపించింది. ఊరి నీళ్ల కంటే తన పరువు పెద్దది కాదు. చెయ్యి జారిందని ఒప్పుకుని కడుపునిండా ఏడ్చి నిద్రపోవచ్చు.

సూర్యప్రకాశ్ పళ్లేన్ని సింకు దగ్గరికి తీసుకెళ్లి సన్నటి ధారకింద కడిగాడు. రంగు ఎర్రగా, తర్వాత లేతగా, తర్వాత తేటగా పోయింది. పళ్లెం తెచ్చి దీపం కింద పెట్టాడు.

అంచులు తెల్లగా ఉన్నాయి. మధ్యలో, ప్రతి ముక్క మీదా, అగ్గిపుల్లంత వెడల్పున గులాబీ పట్టీ ఒకటి అడ్డంగా నిలిచి ఉంది.

ఆయన భూతద్దం తీసుకుని వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. తర్వాత పట్టకారుతో ముక్కల్ని తిప్పడం మొదలెట్టాడు. పూత వేసే యంత్రంలో షీటు ఏ దిక్కుగా నడిచిందో తెలియడానికి ముక్క కోసే ముందే దాని మీద ఎర్ర పెన్సిల్‌తో బాణం వేయడం వాళ్ల అలవాటు. బాణాలన్నీ ఒకే వైపు ఉండేలా ఆయన ముక్కల్ని వరసగా పేర్చాడు. గులాబీ పట్టీలన్నీ ఒకే వాలున వచ్చాయి. మనిషి చెయ్యి జారితే అలా ఒకేలా జారదు.

"మొదటి గంట దాటిన ముక్క ఏదైనా ఉందా?" అని అడిగాడు.

రాగిణి అదీ తెచ్చింది. దానికీ రంగు వేసి కడిగాడు. ఎక్కడా మరక లేకుండా తెల్లగా ఉంది. ఆయన ఆ తెల్లటి ముక్కని పట్టీలున్న ముక్కల పక్కన పెట్టి, స్టూలు వెతుక్కుని కూర్చున్నాడు.

"ఎందుకు ఇలా వస్తోంది?"

"రోలర్ దగ్గర షీటు వదులై ముడత పడుతోంది అనుకుంటున్నాను. ఆ ముడతలో పూత ద్రావణం నిలిచిపోతోంది. అందులో పూత అంటుకోవడానికి కలిపిన రసాయనం ఎక్కువసేపు ఉండి, కింద ఉన్న చర్మాన్ని తినేస్తోంది. ముడత లేని చోట అంతా బాగుంటుంది."

"అంటే పూత వేసిన ప్రతి షీటులోనూ ఉంటుంది."

"మధ్య మధ్యలో ఉంటుంది."

"మనం పట్టీ లేని చోట కోసిన ముక్కల్ని చూసి మురిసిపోయాం," అన్నాడు సూర్యప్రకాశ్. ఎవరితోనో కాదు, పళ్లెంతో అన్నట్టు అన్నాడు. "ప్లాంటుకి పంపిన గొట్టాల్లో షీటు షీటంతా చుట్టి ఉంటుంది. మంచి ముక్కలు ఏరి చుట్టరు కదా."

ఆ మాట ఆయన నోట వచ్చాక రాగిణికి గెలిచినట్టు అనిపించలేదు. పెద్దాయన భుజాలు ఒక్కసారిగా ముసలివైపోయాయి. ఆమె వెళ్లి పక్కన నిలబడింది.

"తప్పు పూతలో ఉంది మామయ్యగారూ. నా పూతలో."

"తప్పు నీ పూతలో ఉంది. కనపడకుండా చేసింది నేను." ఆయన తల ఎత్తాడు. "నాకు భయంగా ఉందమ్మా. ఉప్పు అయితే నాలుకకి తెలుస్తుంది, నోట్లో పోసుకోగానే ఉమ్మేస్తారు. కొంచెం లీకైతే నీళ్లు తియ్యగానే ఉంటాయి. నైట్రేట్ మాత్రం ఉప్పు కంటే తేలిగ్గా దూరిపోతుంది. అది నోటికి తెలియదు."

ఆండాళ్ తలుపు దగ్గర్నుంచి ముందుకొచ్చింది. ఆవిడకి మెంబ్రేన్ల సంగతి పట్టదు గానీ, భయం అనే మాట ఈయన నోట ఎప్పుడు విన్నదీ గుర్తులేదు. "శనివారం దాకా టైముంది కదండీ. ఫోన్ చేసి చెప్పండి వాడికి. అదేగా ఇప్పుడు చెయ్యాల్సింది," అని ఫోన్ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

సూర్యప్రకాశ్ స్పీకర్ ఆన్ చేసి బల్ల మీద పెట్టాడు. నాలుగైదు రింగులయ్యాక నిశాంత్ గొంతు వినబడింది. వెనకాల గాలి, మనుషుల మాటలు, ఏదో ట్రక్కు రివర్స్ అవుతున్న చప్పుడు.

"డాడీ, యూ షుడ్ సీ దిస్. ఇక్కడ పీపుల్ అందరూ ఎంత హ్యాపీగా ఉన్నారో. ఒక ఓల్డ్ లేడీ నన్ను హగ్ చేసుకుని ఏడ్చేసింది."

"ఎందుకు ఏడ్చింది?"

"వాటర్ చూసి. ఓపెనింగ్ సాటర్‌డేనే, డోంట్ వర్రీ. లైన్స్ ఫ్లష్ చేద్దామని మార్నింగ్ వాల్వ్ ఓపెన్ చేశాం. ట్యాప్‌లో నీళ్లు చూసి అందరూ జగ్స్, డ్రమ్స్ తెచ్చుకున్నారు. వాటర్ రిపోర్ట్ పాస్ అయింది కదా, నో అని ఎలా చెప్పాలి?"

రాగిణి బల్ల అంచు పట్టుకుంది. సూర్యప్రకాశ్ ఆమెని చూసి, ఆగమన్నట్టు చెయ్యి ఎత్తాడు. రిపోర్ట్ పాసైందన్న మాట దగ్గర ఆయనకి ఒక చిన్న ఆశ పుట్టింది. తప్పు తమ లెక్కలోనే ఉండి, అక్కడ నీళ్లు నిజంగా బాగుంటే?

"రిపోర్ట్‌కి శాంపిల్ ఎలా తీశావు నాన్నా? అన్ని గొట్టాలూ కలిసిన నీళ్లేనా?"

"ఆల్మోస్ట్. ఫోర్త్ ట్యూబ్ ఒకటి ఫస్ట్ అవర్‌లో సాల్ట్ హైగా వచ్చింది. సో నీ రూల్ ఫాలో చేశా. అది ఆఫ్ చేసి, మిగతా త్రీ నుంచి శాంపిల్ తీసి పంపా. ఫిట్ చేసేటప్పుడు రబ్బర్ రింగ్ కట్ అయి ఉంటది, హ్యాండ్లింగ్ డ్యామేజ్. రింగ్ చేంజ్ చేసి మళ్లీ ఆన్ చేశా. ఇట్స్ ఫైన్, డాడీ."

నీ రూల్ ఫాలో చేశా, అన్న మాట కొడుకు ఎంతో ప్రేమగా అన్నాడు. చిన్నప్పుడు లెక్క సరిగ్గా చేసి నోటుపుస్తకం తెచ్చి చూపించే పిల్లవాడి గొంతు అది. సూర్యప్రకాశ్ కళ్ల ముందు పళ్లెంలో గులాబీ పట్టీలు వరసగా పడుకుని ఉన్నాయి.

"ఆ ట్యూబ్ ఆపు," అన్నాడు. "ఆ ట్యూబ్ కాదు, మొత్తం ఆపేసెయ్. ఇప్పుడే. కారణం తర్వాత చెబుతాను. తప్పు నాది, నీది కాదు. నువ్వు ముందు ఆపు."

అవతల నిశాంత్ జనానికి దూరంగా నడిచినట్టు మాటల చప్పుడు తగ్గింది.

"రాగిణి చెప్పిందా?" అన్నాడు నిశాంత్. గొంతులో సంతోషం పోయింది.

"నేను చెబుతున్నాను. డాడీ ఆపమంటే ఆపుతానన్నావు కదా. ఆపమంటున్నాను."

"ఓకే. ఓకే, ఆపుతున్నా." పరుగెత్తుతున్న అడుగులు, ఇనుప వాల్వ్ తిప్పుతున్న కిర్రుమనే చప్పుడు. మళ్లీ వచ్చాడు, రొప్పుతూ. "ఆపేశా. ఇప్పుడు చెప్పు. ఎంత బ్యాడ్?"

రాగిణి ఫోన్ దగ్గరికి వంగింది. "నిశాంత్, పెద్దవాళ్లకి ఏమీ కాకపోవచ్చు. చిన్న బేబీస్ ఉన్న వాళ్లెవరైనా నీళ్లు తీసుకున్నారా? ఆ నీళ్లతో ఫార్ములా పాలు కలపకూడదు. మరగబెట్టినా నైట్రేట్ పోదు, ఇంకా ఎక్కువవుతుంది. ఎవరైనా తీసుకున్నారా, గుర్తు తెచ్చుకో."

అవతల నిశాంత్ నీళ్లు పట్టుకున్నవాళ్ల పేర్లు ఒక్కొక్కటే గొణుక్కున్నాడు.

"మరిసోల్," అన్నాడు నిశాంత్. "లైన్‌లో ఫస్ట్ తనే. బేబీ లాస్ట్ మంత్ పుట్టింది. ఇంక లారీ కోసం వెయిట్ చేయక్కర్లేదు అని నాకు థాంక్స్ చెప్పింది. బాటిల్ వాష్ చేసుకోవచ్చా, ఫార్ములాకి సేఫేనా అని నన్నే అడిగింది."

"నువ్వేం చెప్పావు?"

"ఐ సెడ్ యెస్. ట్యాప్ దగ్గరే కలిపింది, నేనే బేబీని ఎత్తుకున్నా. దెన్ షీ లెఫ్ట్, ట్రక్ బ్యాక్‌లో రెండు డ్రమ్స్ నింపుకుని." నిశాంత్ గొంతు చిన్నపిల్లాడిలా సన్నబడింది. "డాడీ, వాళ్ల ఇల్లు పత్తి చేల అవతల ఎక్కడో. ఎక్కడో నేను అడగలేదు."